చీర కట్టుకున్న స్త్రీ – 2

ఇందులో ఎవరి పేరూ రాయను. నలభై ఏళ్ళపాటు బ్రిటిష్ టెలివిజన్‌లో చిన్న వేషాలు వేశాను. ఆ నలభై ఏళ్ళలో నాకిచ్చిన ఒక్క పాత్రకూ పేరు లేదు. నాకో పేరు పెట్టే ఓపిక లేనివాళ్ళ పేర్లు నేనెందుకు గుర్తు చేయాలి? వాళ్ళవి రాయనప్పుడు ఇంట్లోవాళ్ళవీ రాయకూడదు. అందరికీ ఒకటే న్యాయం.

పెళ్ళయి ఇంగ్లండు వెళ్ళేనాటికి నాకు ఇరవై రెండేళ్ళు. అంతకుముందు గుంటూరులో చదువుకునే రోజుల్లో పరిషత్తు నాటకాల్లో వేసేదాన్ని. ఏడుపు సీన్లన్నీ నాకే ఇచ్చేవారు. మైకు పాడైనా చివరి వరుస దాకా వినపడేలా ఏడుస్తానని పేరుండేది. మావారు ఇంగ్లండు ఉత్తరాన ఓ చిన్న ఊళ్ళో ఆసుపత్రి డాక్టరు. ఒకరోజు ఆయనకు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని వెళ్తే వరండా నిండా లైట్లు, తీగలు, ఒక కెమెరా. ఏదో సీరియల్ తీస్తున్నారు. చేతిలో అట్ట పట్టుకున్న అమ్మాయి ఒకతె నా చీర వంక చూసి దగ్గరకొచ్చింది.

“మీరు ఏడవగలరా?”

“ఎందుకు?”

“మీ అబ్బాయి చనిపోయాడు.”

“నాకు అబ్బాయి లేడు.”

“సీరియల్లో అండీ.”

క్యారియర్ కింద పెట్టి ఏడ్చాను. గుంటూరు ఏడుపు. డైరెక్టరు ఒక చెవి మూసుకుని, శబ్దం లేకుండా ఏడవగలనా అని అడిగాడు. ఏడవగలనని ఆ రోజే నాకూ తెలిసింది.

సాయంత్రం సంతకం పెట్టమని ఇచ్చిన కాగితంలో పాత్ర పేరు ఉండాల్సిన చోట ‘చీర కట్టుకున్న స్త్రీ – 2’ అని ఉంది. ఒకటో స్త్రీ ఎవరని అడిగాను. ఆవిడ సీను తీసేశాం అన్నారు. అయితే నేనే ఒకటి కావాలి కదా అన్నాను. కాగితాలన్నీ టైపయిపోయాయి, ఇప్పుడు మార్చడం కుదరదన్నారు. లేని మనిషి ఒకటి, ఉన్న నేను రెండు. ఇంటికొచ్చి ఆ కంపెనీకి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ ఉత్తరం కార్బన్ కాపీ నా నీలం ఫైల్లో మొదటి కాగితం.

ఆ తర్వాత వేషాలు వస్తూనే ఉన్నాయి. రోగి తల్లి, కొట్లో స్త్రీ, పొరుగింటి స్త్రీ, బస్టాపులో స్త్రీ. ఎక్కువగా రోగి తల్లే. నా కొడుకు చనిపోయాడని డాక్టర్లూ పోలీసులూ కలిసి నాకు తొమ్మిదిసార్లు చెప్పారు. నాకున్నది ఒక్క కూతురు. లేని కొడుకు అన్నిసార్లు పోయేసరికి ఆ పని చేతికి పట్టుబడింది. కన్నీళ్ళు రావాలంటే బాధ గురించి ఆలోచించకూడదు. ఆలోచిస్తే ముక్కు కారుతుంది, మొహం వికారంగా తయారవుతుంది. లైటు అంచు వైపు రెప్ప వేయకుండా చూడాలి, నాలుకను అంగిటికి నొక్కిపెట్టాలి, ఊపిరి సగంలో ఆపాలి. పదిహేను లెక్కపెట్టేలోగా కుడికంటి నుంచి మొదటి చుక్క వస్తుంది. లోపల ఏమీ ఉండదు. ఉండకూడదు.

ఒకసారి మేకప్ గదిలో, ఆ దేశమంతా గుర్తుపట్టే ఒక పెద్ద నటి, నాలాగే చిన్న వేషాలతో మొదలుపెట్టి పైకొచ్చినావిడ, అద్దంలోంచి నన్ను చూసి, “ఎంత బాగా ఏడుస్తావమ్మా, మీవాళ్ళకి గుండె మెత్తన కదా,” అంది. ఆవిడ నన్ను మెచ్చుకుందని అందరూ అన్నారు. నేను ఎంత కష్టపడి నేర్చుకున్న పనిని ఆవిడ నా రక్తానికి కట్టబెట్టిందో ఎవరికీ పట్టలేదు. ఆవిడకు వీపున పేరు రాసిన కుర్చీ ఉండేది. అదే రోజు మధ్యాహ్నం తెలియక అందులో కూర్చుంటే ఒక మనిషి వచ్చి నన్ను లేపాడు. ఆవిడ చూసింది. కూర్చోనివ్వమని అనలేదు. ఇదీ ఫైల్లో ఉంది.

చీరలు కూడా నావే. వాళ్ళ దుస్తులవాళ్ళు కట్టే చీర దుప్పటి చుట్టినట్టు ఉండేది, అందుకని నావే పట్టుకెళ్ళేదాన్ని. మా అమ్మ ఇచ్చిన వెంకటగిరి చీర ఒకటి మళ్ళీ షూటింగు ఉందని ఉంచుకుని తిరిగివ్వలేదు. ఏడు ఉత్తరాలు రాశాను. ఆరోదానికి జవాబొచ్చింది, వెతుకుతున్నామని.

మావారికి మాత్రం నా పని అంటే శ్రద్ధ. ప్రతి ఎపిసోడూ క్యాసెట్టులో రికార్డు చేసి, నేను ఎన్నో నిమిషంలో వస్తానో పైన తెలుగులో రాసిపెట్టేవారు. ఆయనకు నా ఏడుపు నచ్చేది కాదు. బాగా లేదని కాదు. “నేను రోజూ చెప్తాను కదే ఇలాంటి కబుర్లు. డాక్టరు నిలబడి చెప్పడు, కూర్చుని చెప్తాడు. విన్నవాళ్ళలో అక్కడికక్కడ ఏడ్చేవాళ్ళు తక్కువ. చాలామంది అడిగేది పార్కింగ్ గురించి. ‘మా కారు పార్కింగ్‌కి డబ్బు కట్టిన టైమైపోయిందేమో’ అంటారు. చేతికి ఏది దొరికితే అది సర్దుతారు,” అనేవారు.

ఒక షూటింగులో ఆ మాట డైరెక్టరుకు చెప్పాను. ఈ తల్లి ఏడవకుండా పార్కింగ్ గురించి అడిగితే ఎలా ఉంటుందని. అతను నవ్వాడు, వెనకాల ఇద్దరు ముగ్గురు నవ్వారు. “మీరు ఏడవండి, అది చాలు,” అన్నాడు. ఇరవై ఆరేళ్ళయింది. అతను వేసుకున్న స్వెట్టరు రంగు కూడా గుర్తుంది. ఆవాల రంగు.

రెండున్నరేళ్ళ క్రితం మావారు ఆయన పనిచేసిన ఆసుపత్రిలోనే పోయారు. నన్ను బంధువుల గదిలో కూర్చోబెట్టారు. రెండు సోఫాలు, ఒక బల్ల, బల్ల మీద టిష్యూ పెట్టె, గోడకు సముద్రం బొమ్మ. అచ్చం సెట్టు. చిన్న డాక్టరు ఒకతె వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. అక్కడ నిలబడితే ఆమె మొహం మీద లైటు పడదని నాకు తోచింది. కూర్చోవాలి తల్లీ, అని కూడా అనుకున్నాను. ఆమె చెప్పింది. నేను విన్నాను. టిష్యూ పెట్టె బల్ల మీద వంకరగా ఉంటే దాన్ని అంచుకు సమంగా జరిపాను. తర్వాత మా కారు పార్కింగ్ టైము ఎంతవరకు ఉంటుందని అడిగాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక, ఇది ఆయన చెప్పినదే కదా, ఇంటికెళ్ళి ఆయనకు చెప్పాలి అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కాలు తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదే, అలా ఉండిపోయింది.

అమెరికా నుంచి కూతురూ అల్లుడూ మనవరాలూ మర్నాటికి వచ్చారు. పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, ఖాళీ టీ కప్పులు పట్టుకుని వంటింటి వైపు వెళ్తున్నాను. లోపల మా అల్లుడు గిన్నెలు కడుగుతూ భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

“లేదురా, అత్తయ్య ఒక్క చుక్క రాల్చలేదు. అదేం పెద్ద పనా ఆవిడకి? డబ్బులిస్తే ఏడుస్తారు. ఇక్కడెవరిస్తారు?” అని నవ్వాడు.

కప్పులు తిరిగి ముందుగదిలో పెట్టేశాను. ఆ రాత్రి ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి నీలం ఫైల్లో పెట్టుకున్నాను. అతనికి చెప్పలేదు, అమ్మాయికీ చెప్పలేదు. మా ఇళ్ళలో అల్లుడితో అత్తగారు మొహం మీద దెబ్బలాడదు. ‘మీరు’ అంటుంది, మర్యాదగా ఉంటుంది, కాఫీ కలిపి ఇస్తుంది. నేనూ ఆ తర్వాత అతనికి చాలా కాఫీలు కలిపి ఇచ్చాను.

ఎందుకంటే ఏడాదిలోపే ఇంగ్లండు ఇల్లు అమ్మేసి వాళ్ళింటికి వచ్చేశాను. వర్జీనియాలో ఆష్‌బర్న్. మావాళ్ళ వీధి దాటితే కిటికీల్లేని పెద్ద పెద్ద భవనాలు, ఇంటర్నెట్టంతా అందులోనే ఉంటుందట. పగలూ రాత్రీ ఒకటే హోరు. వచ్చిన కొత్తలో ఆ హోరు వినపడిందని చెబితే అల్లుడు, మీకు అలవాటైపోతుంది అత్తయ్యా అన్నాడు. అలవాటైపోయింది. దానికీ నాకూ పెద్ద తేడా ఉన్నట్టు అనిపించదు.

పార్టీల్లో అమ్మాయి నన్ను “మా అమ్మ, బ్రిటిష్ యాక్ట్రెస్” అని పరిచయం చేస్తుంది. వెంటనే అడుగుతారు, ఏ సినిమా ఆంటీ అని. రోగి తల్లి అంటే మొహాలు వాలిపోతాయి. ఒకావిడ మాత్రం పట్టు వదలకుండా, “పోనీ మా అసోసియేషన్ ప్రోగ్రామ్‌లో భారతమాతగా నిలబడండి ఆంటీ, డైలాగ్ ఏమీ ఉండదు, జస్ట్ ఫ్లాగ్ పట్టుకోవడమే,” అంది. పోయిన ఆగస్టు మాట.

మొన్న మార్చిలో లండన్ నుంచి నా పాత ఏజెంటు ఈమెయిల్ పెట్టింది. అమెరికన్ సీరియల్ ఒకదానికి డెబ్బై ఏళ్ళ భారతీయ స్త్రీ కావాలి. మూడు సీన్లు. నాకు గ్రీన్‌కార్డు వచ్చిందని ఆమెకు తెలుసు కాబట్టి పంపింది. అటాచ్‌మెంటు తెరిచాను. పాత్ర పేరు ఉండాల్సిన చోట పేరు ఉంది. ఒక ఆడమనిషి పేరు, ఇంటిపేరుతో సహా. రెండుసార్లు చూశాను. అక్కడ పొరపాటున నటి పేరు రాశారేమోనని కూడా అనుమానం వచ్చింది. ఆ పేరేమిటో ఇక్కడ రాయను, కారణం చివర్న తెలుస్తుంది. ఆ పేరు కావాలి నాకు. అంతకుముందు నలభై ఏళ్ళలో ఏదీ అంతలా కావాలనుకోలేదు. ఆనందమేమీ కలగలేదు, కావాలని మాత్రం గట్టిగా అనిపించింది.

సోమవారం పొద్దుటికల్లా సెల్ఫ్ టేప్ పంపాలి. సెల్ఫ్ టేప్ అంటే ఇంట్లోనే ఫోన్లో సీను తీసి పంపడం. అవతలి పాత్ర మాటలు కెమెరా పక్కన కూర్చుని ఎవరో ఒకరు చదవాలి. ఆ మనిషిని రీడర్ అంటారు. సీను మామూలుదే. డాక్టరు వచ్చి కొడుకు పోయాడని చెప్తాడు. స్క్రిప్టులో చివర, ఆమె కుప్పకూలి ఏడుస్తుంది అని ఉంది.

శుక్రవారం వద్దని అమ్మాయి అంది, ఇంట్లో శుక్రవారం పూట అలాంటి మాటలేమిటని. ఫ్రిజ్ మీద గ్రోసరీ షాపువాళ్ళ క్యాలెండర్లో ఆదివారం అమావాస్య. మిగిలింది శనివారం. శనివారం మాత్రం మంచిదా అని కాసేపు ఆలోచించి, సరే కానీ అంది. పదిహేనేళ్ళ మనవరాలు తన రింగ్ లైట్ తెచ్చి పెట్టింది, ఫోను స్టాండుకు బిగించింది. స్క్రిప్టు ఫోన్లో చదివి, “అమ్మమ్మా, దిస్ ఈజ్ సో శాడ్. నేను చదువుత డాక్టర్ లైన్స్,” అంది.

“నువ్వొద్దు,” అంది అమ్మాయి. “పిల్లనోటితో ఆ మాటలా! వెళ్ళి హోమ్‌వర్క్ చేసుకో. నేను చదువుతా.”

బల్ల జరిపాం. బంధువుల గది అనుకోవడానికి బల్ల మీద టిష్యూ పెట్టె పెట్టాను. నేను కూర్చున్నాను. ఫోను రికార్డవుతోంది. అమ్మాయి ఇంగ్లీషులో చదివింది, కూర్చోండి, మీతో మాట్లాడాలి, మేము చేయగలిగినదంతా చేశాం. తర్వాతి వాక్యం, మీ అబ్బాయి చనిపోయాడు. అక్కడ ఆగింది. “మీ అబ్బాయికి... ఒంట్లో బాగాలేదు,” అని చదివింది.

“కట్,” అన్నాను. “ఒంట్లో బాగాలేదంటే నేనెందుకు ఏడవాలి? రసం పెట్టి పంపిస్తాను.”

“ఎలా అంటానమ్మా? తథాస్తు దేవతలుంటారు.”

“సీరియల్లో కొడుకే.”

“సీరియల్లో అయితే మాత్రం! చూస్తున్నది నిన్ను. నీకు కొడుకెవరున్నారు? కొడుకైనా అల్లుడైనా ఆయనేగా నీకు. ఆయన పైన మీటింగ్‌లో కూర్చుని ఉంటే కింద నా నోటితో నేను ఆ మాట అంటానా?”

తొమ్మిదిసార్లు పోయిన నా కొడుకు మా అల్లుడని నాకు అప్పటిదాకా తోచలేదు. మళ్ళీ తీశాం. ఈసారి, “మీ అబ్బాయి... అదే... మీకు అర్థమైంది కదా,” అంది. మూడోసారి ఆ వాక్యం వదిలేసి కిందిది చదివింది. నాలుగోసారి సగంలో లేచివెళ్ళి దేవుడి గదిలో దణ్ణం పెట్టుకుని వచ్చింది. మెట్ల మీద కూర్చున్న మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వుకు అల్లుడు కిందికి దిగివచ్చాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు తీస్తూ.

“ఏంటి ప్రాబ్లమ్?”

అమ్మాయి చెప్పింది. అతను కాగితం తీసుకున్నాడు. “ఇదా? నేను చదువుతాలే. నా చావు నేనే అనౌన్స్ చేసుకుంటే దోషం ఉండదు.”

“ఛీ, ఏమిటా మాటలు!” అని అమ్మాయి కూతుర్ని లాక్కుని పైకి వెళ్ళిపోయింది. గదిలో ఇద్దరమే మిగిలాం. రెండున్నరేళ్ళలో అతనూ నేనూ ఒక బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోవడం అదే మొదటిసారి. అతను ఆఫీసు మీటింగ్‌లో పని ఎంతవరకు వచ్చిందో చెప్పినట్టు చదివాడు. ఎత్తూ పల్లం ఏమీ లేదు. రీడర్ అలాగే చదవాలి నిజానికి, తను నటించకూడదు.

“ఐ యామ్ సారీ,” అన్నాడు. “యువర్ సన్ ఈజ్ డెడ్.”

నేను అతని మొహంలోకి చూశాను. లైటు అంచు వైపు చూడాలి, చూడలేదు. నాలుక అంగిటికి నొక్కలేదు. నా మాటలు నేను చెప్పాను, లేదు, లేదు అని రెండుసార్లు ఉంది, చెప్పాను. చెప్పి, టిష్యూ పెట్టె వంకరగా ఉంటే బల్ల అంచుకు సమంగా జరిపాను. కాసేపు అలాగే చేయి దాని మీద ఉంచాను. అంతే.

అతను కొంచెంసేపు ఆగి ఫోను ఆపాడు. “ఏడవాలి కదా అత్తయ్యా ఇక్కడ? రాసి ఉంది.”

“ఇంకోటి తీయండి,” అన్నాను.

రెండోసారి పని చేశాను. రింగ్ లైట్ అంచు, నాలుక, ఊపిరి. పదకొండు లెక్కపెట్టేసరికే కుడికన్ను నిండింది. భుజాలు వంచాను, బల్ల మీదికి ఒరిగాను, శబ్దం రాకుండా నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు, ఫ్రిజ్ మోగడం వినపడుతూనే ఉంది. లేచి మొహం తుడుచుకుంటుంటే అతని కళ్ళు మెరుస్తున్నాయి.

“వామ్మో! ఏం చేశారత్తయ్యా! గూస్‌బంప్స్. స్విచ్ వేసినట్టు వచ్చేసింది. రెండోదే పంపేద్దాం, ఏడుపు అదిరింది. గ్యారంటీగా మీకే.”

వీడియోలు ఎలా పంపాలో నాకు రాదు, అతనే లాప్‌టాప్ తెరిచాడు. అతను చెప్పింది నిజమని నాకూ తెలుసు. రెండోది పంపితే ఆ పేరు నాది. నలభై ఏళ్ళుగా వాళ్ళు అడిగింది అదే. కానీ అది పంపితే పదకొండో రోజు వంటింట్లో అన్న మాటకు నేనే సంతకం పెట్టినట్టు.

“మొదటిది పంపండి,” అన్నాను.

“మొదట్లో మీరేం చేయలేదు కదా?”

“అవును. ఆ రోజు కూడా ఏం చేయలేదు.”

“ఏ రోజు?”

“మీ మామయ్యగారు పోయిన రోజు. ఆసుపత్రిలో నేను చేసింది అంతే. పెట్టె సర్దాను. మీరు అక్కడ లేరు కాబట్టి మీకు తెలియదు. పదకొండో రోజు మీరు వంటింట్లో ఫోన్లో అన్నారు, డబ్బులిస్తే ఏడుస్తారు, ఇక్కడెవరిస్తారు అని. నేను గుమ్మం బయట ఉన్నాను.”

అల్లుడితో అంత పొడుగు మాట అంతకుముందెప్పుడూ మాట్లాడలేదు. గొంతు పైకి లేవలేదు. రీడర్ చదివినట్టే చెప్పాను. అతను నన్ను చూశాడు, లాప్‌టాప్ చూశాడు. అబద్ధమాడుతున్నాడేమోనని గట్టిగా గమనించాను. నలభై ఏళ్ళు మొహాలు చూసే పని నాది. అతను అబద్ధమాడలేదు.

“అలా అన్నానా? నాకు గుర్తు లేదత్తయ్యా,” అన్నాడు.

ఇది నేను అనుకోలేదు. కాదంటాడనుకున్నాను, జోక్ అంటాడనుకున్నాను, అమ్మాయిని పిలుస్తాడనుకున్నాను. వాటన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. నేను రెండున్నరేళ్ళు దాచిన మాట అతని దగ్గర అసలు లేనే లేదు.

“మొదటిది పంపండి,” అన్నాను మళ్ళీ. అతను మొదటిది పంపాడు.

మంగళవారం ఏజెంటు ఫోన్ చేసింది. వాళ్ళకు నచ్చిందట, చాలా నిబ్బరంగా ఉందన్నారట, కానీ స్క్రిప్టులో ఏడుపు ఉంది కాబట్టి ఏడ్చిన టేపు ఇంకొకటి ఉంటే ఈ రోజే పంపమన్నారట.

“ఉందా?” అంది.

రెండోది ఇంకా అల్లుడి లాప్‌టాప్‌లోనే ఉంది. అతను అదే గదిలో లంచ్ తింటున్నాడు. చెంచా ఆపి నా వైపు చూశాడు.

“లేదు,” అన్నాను.

“తీసి పంపగలరా? ఐదు నిమిషాల పని మీకు.”

“ఆ మనిషి అలా ఏడవదు. డాక్టరు మాట విన్నవాళ్ళు అలా ఏడవరు. నాకు చెప్పినాయన ముప్ఫై ఐదేళ్ళు ఆ మాటలు చెప్పిన డాక్టరు.”

“అది వాళ్ళు అడగలేదు కదా,” అంది ఏజెంటు. ఆమెను తప్పుపట్టను. తప్పుపట్టను అంటే ఫైల్లో రాయలేదని అర్థం.

రెండు వారాల తర్వాత కబురొచ్చింది. ఆ పాత్ర ఇంకొకరికి ఇచ్చారు. అందుకే ఆ పేరు ఇక్కడ రాయలేదు, దక్కనిది నాది కాదు. కానీ నా నిబ్బరం నచ్చింది కాబట్టి అదే ఎపిసోడ్‌లో ఇంకో వేషం ఇస్తామన్నారు. ‘వెయిటింగ్ రూమ్‌లో స్త్రీ.’ మాటలు లేవు. ఆ పక్కన ఆవిడ ఏడుస్తుంటే నేను చూస్తూ కూర్చోవాలి.

ఈ స్త్రీ పేరేమిటని ఈమెయిల్ పెట్టాను. ఆ పాత్రకు పేరు అవసరం లేదని మర్యాదగా జవాబొచ్చింది. మొదటి ఉత్తరానికి అసలు జవాబే రాలేదు కాబట్టి ఇది కొంత నయమే. అవసరం నాకుందని, ఏదో ఒక పేరు కాగితం మీద పెడితే వచ్చి కూర్చుంటానని మళ్ళీ రాశాను. రెండు రోజులు చూశాను. తర్వాత, నేను రావడం లేదని రాశాను. వచ్చిన వేషాన్ని వద్దనడం నా జీవితంలో అదొక్కసారే. వద్దంటే గొప్పగా ఉంటుందని ఎవరో అనగా విన్నాను. ఏమీ లేదు. పంపి, లాప్‌టాప్ మూసి, ఇడ్లీకి పప్పు నానబోశాను.

అమ్మాయి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. “నీ పట్టుదల నీదే అమ్మా, చేతికొచ్చింది వదులుకున్నావు,” అంది. ఆమెకు వంటింటి మాట సంగతి తెలియదు. చెప్పాలనిపించలేదు. మొగుడి మీద కూతురికి చెప్పడానికి నేను ఆ మాట దాచుకోలేదు. మరి ఎందుకు దాచుకున్నానంటే, అదీ చెప్పలేను.

మొన్న ఆదివారం డిష్‌వాషర్‌లోంచి గిన్నెలు తీసి సర్దుతున్నాను. అల్లుడు వచ్చి పక్కన నిలబడి కప్పులు అందుకుని పై అరలో పెడుతున్నాడు. రెండు మూడు కప్పులు పెట్టాక అన్నాడు:

“అత్తయ్యా, ఆ రెండో వీడియో డిలీట్ చేసేశాను.”

నేను అడగలేదు. సరే అన్నాను.

ఇంకో కప్పు పెట్టాడు. “ఆ మాట నాకు నిజంగానే గుర్తు రావట్లేదు. ఎంత ఆలోచించినా రావట్లేదు. కానీ అనే ఉంటాను. నేను అలా అనే రకమే.”

“అన్నారు,” అన్నాను.

“ఊ,” అన్నాడు.

ఏదైనా వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. కోపం గానీ, ఇంకోటి గానీ. బయట ఆ భవనాల హోరు మామూలుగానే ఉంది. ఆఖరి కప్పు అతనికి అందించి నా గదికి వచ్చాను. నీలం ఫైలు తీశాను. అతని మాటలు రాసిన కాగితం అడుగున ఉంది. అది కొట్టేయలేదు. దాని కిందే, ‘అనే ఉంటానని ఒప్పుకున్నాడు, కప్పులు సర్దాడు’ అని రాసి, కాగితాలు అంచులు సమంగా వచ్చేలా సర్ది, ఫైలు మళ్ళీ అరలో పెట్టాను.